పెదనాన్న ఓడ కోసం డయ్యూ దాకా

డయ్యూ వెళ్తున్నా అనగానే ఆఫీసులో అందరూ ఒకటే నవ్వు. గుజరాత్‌లో మందు బంద్ కాబట్టి అక్కడి జనం తాగడానికి వచ్చే ఊరు కదా అది. నేను వెళ్ళింది మా పెదనాన్న కోసం. 1971 పాకిస్తాన్ యుద్ధంలో డిసెంబర్ 9 రాత్రి డయ్యూకి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరంలో మునిగిపోయిన మన నేవీ షిప్పు ఐఎన్ఎస్ ఖుక్రీలో ఆయన స్టోకర్, అంటే ఇంజిన్ వైపు పనిచేసే సెయిలర్. వయసు 22.

మాది భీమిలి వైపు. అప్పట్లో నేవీ బాయ్స్ ట్రైనింగ్ వైజాగ్‌లోనే, ఐఎన్ఎస్ సర్కార్స్‌లో జరిగేది, తర్వాతెప్పుడో 1980లో చిల్కాకి మారింది. అందుకని మా వైపు కుర్రాళ్ళకి నేవీ అంటే దూరాభారం కాదు, ఇంటర్ తప్పినా టెన్త్ తప్పినా ఓ దారి ఉండేది. పెదనాన్న గురించి ఇంట్లో మిగిలినవి ఒక ఫోటో, రెండు ఇన్‌లాండ్ లెటర్లు, ఒక టెలిగ్రామ్. శవం రాలేదు కాబట్టి మా నాయనమ్మ బతికున్నన్నాళ్ళూ తద్దినం పెట్టనివ్వలేదు, ఏ పాకిస్తాన్ జైల్లోనో ఉండుంటాడు అనేది. ఇంకో సంగతి, డిసెంబర్ 3 అర్ధరాత్రి ప్రాంతంలో వైజాగ్ తీరంలో పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ సబ్‌మెరైన్ పేలినప్పుడు టౌన్‌లో కిటికీ అద్దాలు అదిరాయని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్తారు, ఊరంతా ఆ సంబరంలో ఉంది, వారం తిరక్కుండా మా ఇంట్లో ఇది.

ఖుక్రీ గురించి ఎక్కడ వెతికినా ముందు కనపడేది కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా గారే. తన లైఫ్ జాకెట్ వేరే వాళ్ళకి ఇచ్చేసి, షిప్పు వదలకుండా దాంతోపాటే మునిగిపోయారు, మహావీర్ చక్ర ఇచ్చారు. ఆయనకి దండం పెట్టని వాడు ఉండడు, నేనూ పెట్టాను. కానీ చిన్నప్పట్నుంచీ నాకో చిన్న కినుక ఉండేది, కథంతా బ్రిడ్జి మీదే, అంటే కెప్టెన్ నిలబడి షిప్పు నడిపించే పైగదిలోనే జరుగుతుంది, కింద ఇంజిన్ రూమ్‌లో ఉన్నవాళ్ళ సంగతి ఎవడూ చెప్పడేంటి అని. ఈ ప్రయాణం అందుకే పెట్టుకున్నా. మా పెదనాన్న ఆ టైమ్‌లో ఎక్కడున్నాడు, ఏం చేస్తూ ఉండి ఉంటాడు, అది తెలిస్తే చాలు.

బయల్దేరే ముందే వైజాగ్ మల్కాపురంలో ఒక రిటైర్డ్ స్టోకర్ అంకుల్‌ని పట్టుకున్నా, అదే క్లాస్ షిప్పుల్లో పనిచేసినాయన. పేరు రాయొద్దన్నారు. ఆయన టీపాయ్ మీద సుద్దముక్కతో షిప్పు గీసేశారు. "ఆటికి షాఫ్టు ఒకటే బాబూ, ప్రొపెల్లర్ ఒకటే. బాయిలర్లు రెండు. ఆవిరితో టర్బైన్ తిరుగుద్ది. బాయిలర్ రూమ్‌లో నిలబడితే చొక్కా పిండుకోడమే. కిందకి దిగాలన్నా పైకి రావాలన్నా నిచ్చెనే, హాచ్ ఇంతే ఉంటది" అని రెండు చేతులూ భుజాల వెడల్పులో పెట్టి చూపించారు. మామూలుగా రాత్రి 8కి డ్యూటీ మారుద్ది, 8 నుంచి 12 దాకా ఫస్ట్ వాచ్. పాక్ సబ్‌మెరైన్ వదిలిన టార్పీడో, అంటే నీళ్ళలో దూసుకొచ్చే బాంబు, తగిలింది దాదాపు 8:50కి. అంటే పెదనాన్న అప్పుడే వాచ్ ఎక్కి కింద ఉండాలి, లేదా అప్పుడే దిగి స్నానమో భోజనమో చేస్తూ ఉండాలి. అంకుల్ కాసేపు ఆ సుద్దగీతల వంకే చూసి "ఏదైనా ఒకటే బాబూ, కరెంటు పోయాక చీకట్లో నిచ్చెన ఎక్కడం..." అని ఆపేసి, టీ తాగమన్నారు.

ముంబై మీదుగా వెళ్ళడానికి కారణం ఉంది. సెయిలర్ల సర్వీస్ రికార్డులు చూసే బ్యూరో ఆఫ్ సెయిలర్స్ మాన్‌ఖుర్ద్‌లో, చీతా క్యాంప్ దగ్గర ఉంటుంది. ఎవరైనా ఇలా వెతుకుతుంటే ముందు సర్వీస్ నంబర్ పట్టుకోండి, పేరుతో వెళ్తే మన ఇంటిపేర్లతో హిందీ వాళ్ళకి చుక్కలే. మాకు ఆ నంబర్ ఇన్‌లాండ్ లెటర్ వెనక ఫ్రమ్ అడ్రస్‌లో దొరికింది, ఇంట్లో ఇన్నేళ్ళూ అది పిన్‌కోడ్ అనుకున్నారు! చుట్టరికం రుజువు చేసే కాగితాలు పట్టుకెళ్ళాను, ఉత్తరాలు ముందే నడిచాయి కాబట్టి పని తేలిగ్గానే అయింది. వచ్చిన వివరాలు ఒక్క పేజీ. సర్కార్స్‌లో ట్రైనింగ్, తర్వాత లోనావాలా ఐఎన్ఎస్ శివాజీలో ఇంజినీరింగ్ కోర్సు, తర్వాత ఖుక్రీ. ఎత్తు, ఛాతీ కొలత, పుట్టుమచ్చ కుడి మోచేతి మీద. నాన్నకీ సరిగ్గా అక్కడే ఉంది. ఆ లైన్ నేను ట్యాక్సీలో కూర్చుని ఎన్నిసార్లు చదివానో.

ముంబై నుంచి రైల్లో వెరావల్, అక్కడ్నుంచి బస్సులో ఊనా, ఊనా నుంచి షేర్ ఆటో, ఘోఘ్లా దాటి బ్రిడ్జి ఎక్కితే డయ్యూ. ఊరు ముచ్చటగా ఉంది, 1961 దాకా పోర్చుగీసు వాళ్ళ చేతిలో ఉంది కదా, కోట, చర్చి, రంగురంగుల ఇళ్ళు, సందుకో వైన్ షాపు. నాగోవా బీచ్ దారిలో తాటిచెట్లకి కొమ్మలున్నాయి! మన తాడి నిటారుగా పోతుంది, ఇక్కడివి కాండం రెండుగా చీలి, మళ్ళీ రెండుగా చీలి పెరుగుతున్నాయి, హోకా అంటారట. భీమిలి వాడికి అది చూస్తే కాసేపు బుర్ర పనిచేయదు.

ఖుక్రీ మెమోరియల్ ఊరి చివర సముద్రం వైపు చిన్న గుట్ట మీద ఉంది. గాజు గదిలో షిప్పు మోడల్. అద్దం మీద ఉప్పుగాలికి తెల్లటి పొర పట్టింది, మోచేత్తో తుడిచి ముఖం ఆనించి చూడాల్సి వచ్చింది. ముందు వైపు గన్లు, మధ్యలో ఒకటే చిమ్నీ, అంకుల్ గీసినట్టే. బాయిలర్ రూమ్ ఆ చిమ్నీ కిందే కదా, అక్కడ వేలు పెట్టి ఫోటో తీసుకున్నా, పక్కన సెల్ఫీలు దిగుతున్న కుర్రాళ్ళు వీడేంటి అన్నట్టు చూశారు.

అసలు ఖుక్రీ అక్కడికి ఎందుకెళ్ళిందంటే, డయ్యూ దగ్గర్లో పాక్ సబ్‌మెరైన్ రేడియో సంకేతాలు మనవాళ్ళకి దొరికాయి. దాన్ని వేటాడమని 14వ ఫ్రిగేట్ స్క్వాడ్రన్‌ని పంపారు. ఖుక్రీ, కృపాణ్ వెళ్ళాయి, మూడోది కుఠార్ బాయిలర్ సమస్యతో రాలేకపోయింది. అవతల ఉన్నది హంగోర్, ఫ్రాన్స్‌లో కట్టిన డాఫ్నే క్లాస్ సబ్‌మెరైన్, దాని సోనార్, అంటే నీళ్ళలో శబ్దాన్ని పట్టే పరికరం, మన వాటికంటే ఎక్కువ దూరం వినగలదు. పైగా మన సోనార్ రేంజ్ పెంచే కొత్త పరికరాన్ని పరీక్షించడానికి ఖుక్రీ స్పీడ్ తగ్గించుకుని తిరుగుతోంది. మొదటి టార్పీడో కృపాణ్ కింద నుంచి పేలకుండా వెళ్ళిపోయింది, రెండోది ఖుక్రీకి తగిలింది. కొన్ని నిమిషాల్లో షిప్పు లేదు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సబ్‌మెరైన్ ముంచిన మొదటి యుద్ధనౌక ఇదే. స్పీడ్ తగ్గించడం తప్పా, కృపాణ్ వెళ్ళిపోవడం తప్పా అని వాదనలు ఇప్పటికీ నడుస్తున్నాయి, నాకు ఆ అర్హత లేదు, నేను అటు పోను. బతికినవాళ్ళని మర్నాడు మన నేవీదే ఇంకో షిప్పు కచ్ఛల్ వచ్చి ఎత్తుకుంది.

రాత్రి హోటల్లో నిద్రపట్టక లెక్కలేశా. చనిపోయినవాళ్ళు 194 మంది, 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు. బతికింది 67 మంది, అందులో ఆఫీసర్లు 6, సెయిలర్లు 61. అంటే ఆఫీసర్లు మొత్తం 24 మందిలో 18 మంది పోయారు, నూటికి 75. సెయిలర్లు 237 మందిలో 176, నూటికి 74. పైనున్నవాళ్ళు, కిందున్నవాళ్ళు దాదాపు ఒకే వంతున పోయారు. నా కినుకకి ఆధారమే లేకుండా పోయింది. కథలో వాటా వేరేగా పంచుకున్నారేమో గానీ సముద్రం మాత్రం హోదా చూడలేదు.

మర్నాడు రెండో ఖుక్రీని చూడ్డానికి వెళ్ళా. పాత దాని పేరే పెట్టి ముంబై మజగావ్ డాక్‌లో కట్టిన కార్వెట్, అంటే చిన్న యుద్ధనౌక, 1989లో నేవీలో చేరింది. 2021 డిసెంబర్‌లో రిటైర్ చేసింది ఎక్కడనుకున్నారు, మన వైజాగ్‌లోనే! తర్వాత నెల రిపబ్లిక్ డే నాడు మ్యూజియం కోసం డయ్యూకి అప్పగించారు. మా ఊరి నుంచి వచ్చిన షిప్పు ఇక్కడ కూర్చుందన్నమాట, ఏదో చుట్టాన్ని చూసినట్టే అనిపించింది. హంగోర్ కూడా ఇప్పుడు కరాచీలో మ్యూజియమే. దాన్నీ చూడాలని ఉంది, నిజంగానే, వీసా ఎవడిస్తాడు గానీ. ఘాజీలో పోయిన 90 మందికి పైగా మనుషుల ఇళ్ళలో కూడా నాయనమ్మలు ఉండే ఉంటారు కదా, వాళ్ళ పిల్లలు ఆర్కే బీచ్‌కి రాలేరు, నేను కరాచీ పోలేను.

ఢిల్లీ నేషనల్ వార్ మెమోరియల్‌లో త్యాగ్ చక్ర గోడల మీద పెదనాన్న పేరు ఉందని వెబ్‌సైట్‌లో వెతికితే దొరికింది, అది ఇంకా చూడలేదు. డయ్యూ నుంచే నాన్నకి ఫోన్ చేసి వాచ్ సంగతి, పుట్టుమచ్చ సంగతి చెప్పా. ఆయన పుట్టుమచ్చ గురించి ఏమీ అనలేదు, "అంతంత వేడిలో పనిచేసేవాడా, ఉత్తరాల్లో ఎప్పుడూ రాయలేదే" అన్నారు. తర్వాత ఢిల్లీ ఎన్ని గంటల ప్రయాణం అని అడిగారు. విమానం ఎక్కనంటున్నారు, కాబట్టి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో లోయర్ బెర్తులు చూస్తున్నా, డిసెంబర్ 9కి అక్కడ ఉండేలా.