భద్రకాళి చెరువు కట్ట మీద కోతులు

ఈ ఉదయం కట్ట మీద ఒక కోతి కొబ్బరి ముక్కలను దవడ సంచుల్లో కుక్కుకుంటూనే ఒక పెద్దావిడ చేతిలోని ప్రసాదం కవరు మీద కన్నేసి కూర్చుంది. బాలి దీవిలోని ఉలువాటు గుడి కోతుల మీద 2021లో వెలువడిన పరిశోధన గుర్తుకొచ్చింది. అక్కడి కోతులు సందర్శకుల కళ్ళద్దాలు, ఫోన్లు లాక్కొని, తిండి ఇస్తేనే వదులుతాయట. పెద్దయ్యేకొద్దీ మనం ఏ వస్తువుకు ఎక్కువ విలువిస్తామో పసిగట్టి, దానికి తగ్గ తిండి దొరికేదాకా బేరమాడతాయట. ఓరుగల్లు కోతులు ఇంకా బేరం దాకా రాలేదు, నేరుగా దోపిడీయే!

రీసస్ కోతి చప్పుడు లేకుండా పళ్ళు బయటపెడితే అది నవ్వు కాదు, తనకన్నా బలమైనదాని ముందు భయంతో చూపే లొంగుబాటు. నోరు తెరిచి సూటిగా చూస్తే మాత్రం బెదిరింపే. ఆ తేడా తెలియకుండా సెల్ఫీ కోసం పసిపిల్లలను ముందుకు తోసే పెద్దలను చూస్తే నాకు కోతుల కన్నా వాళ్ళ మీదే ఎక్కువ కోపం వస్తుంది.