పగులు పక్కన వేసిన తేదీ

ఆదివారం, విశాఖపట్నం

పొద్దున్నే దుప్పట్లు దులుపుతున్న అమ్మ నన్ను గదిలోకి పిలిచి, "దిండు మీద ఈ నల్లపొట్టు ఏమిట్రా, మసిలా అంటుకుంటోంది" అని అడిగింది. దగ్గరికి వెళ్లి చూస్తే అది మసి కాదు, రాత్రి పాటలు వింటూ నిద్రపోయినప్పుడు నా హెడ్‌ఫోన్ ప్యాడ్ల నుంచి రాలిన తోలు. పేరుకు తోలే గానీ నిజానికి అది బట్ట మీద పూసిన పాలీయురేతేన్ పొర. చెమటకీ, ఒంటి నూనెకీ, మా సముద్రపు ఊళ్లో ఏడాది పొడుగునా ఉండే తేమకీ ఆ పొర లోలోపల విడిపోయి, ఒకనాడు వేలు తగిలితే చాలు పొలుసులుగా రాలిపోతుంది. మూడేళ్ల కిందట 60,000 రూపాయలు పెట్టి, ఎన్నో నెలల జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకుని కొన్న వస్తువు అది. టిఫిన్ కాగానే కిటికీ దగ్గర బల్ల మీద పాత తువ్వాలు పరిచి, దాన్నీ, అన్నయ్య నాకిచ్చిన పాత హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డి 600నీ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను.

ముందు ఖరీదైనదాన్ని పట్టుకున్నాను. ప్యాడ్ కింద క్లిప్పు ఉంటుందేమోనని గోరుతో అంచు వెంట తడిమి చూశాను. లేదు, చుట్టూ జిగురే. మెల్లగా లాగినా ఫోమ్ ఒక పక్క చిరిగి, సగం చెవి మీద కూర్చునే కప్పుకే అతుక్కుని ఉండిపోయింది. అంతకన్నా బాధ కలిగించింది కప్పు తిరిగే కీలు. చేతికి చల్లగా తగిలే అల్యూమినియం కమాను అందంగా వంగి వచ్చి ఆ కీలు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి లోపల బరువు మోసేదంతా చిటికెన వేలి గోరంత ప్లాస్టిక్ ముక్క. దాని మీద వెంట్రుకంత సన్నని పగులు కనిపించింది. పోయిన నెల ఇదే సంగతి సర్వీస్ సెంటర్‌లో అడిగితే, ఆ ముక్క విడిగా దొరకదనీ, ఆ వైపు కప్పు మొత్తం మార్చాలనీ చెప్పారు. కంటికి కనబడే చోట లోహం, భారం పడే చోట ప్లాస్టిక్. గోడల పగుళ్లు చూడటమే ఉద్యోగమైన నాకు, ఒక కట్టడంలో బలం ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోవడం కన్నా పెద్ద లోపం ఇంకొకటి కనిపించదు.

హెచ్‌డి 600 విషయం దీనికి పూర్తిగా ఎదురు. 1997లో వచ్చిన ఆ నమూనా చాలా వరకు ప్లాస్టిక్కే. నీలమూ బూడిదరంగూ కలిసిన చలవరాతి చారల పెయింటు కొందరికి పాతకాలపు దానిలా అనిపించవచ్చు. బరువు 260 గ్రాములు. అయితే దాన్ని విప్పడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ప్యాడ్‌ను వేళ్లతో పట్టి లాగితే టక్కుమని ఊడివచ్చింది. దాని కింద పల్చని ఫోమ్ బిళ్ల, దాని వెనక ధ్వని పుట్టించే డ్రైవర్. బయటి వైపు ఉక్కు జాలీని అంచు దగ్గర ఎత్తితే అదీ వచ్చేసింది. కేబుల్ ఒక్కో చెవికి విడిగా, రెండేసి పిన్నులతో గుచ్చుకుంటుంది, కాబట్టి తీగ తెగితే తీగ ఒక్కటే మార్చుకోవచ్చు. మెత్తని బ్రష్‌తో జాలీలో చేరిన దుమ్ము దులిపి, మఖమల్ లాంటి వెలోర్ బట్టతో చేసిన కొత్త ప్యాడ్లు నొక్కి మళ్లీ బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. పుట్టి పాతికేళ్లు దాటిన నమూనాకు ఇప్పటికీ విడిభాగాలు దొరుకుతున్నాయంటే, గీసేటప్పుడే దాని ముసలితనం గురించి ఎవరో ఆలోచించి పెట్టారన్నమాట.

ఖరీదైన పదార్థాలంటే నాకు విముఖత ఏమీ లేదు, అవి చేయవలసిన పని చేస్తే చాలు. ఫ్రాన్స్‌లో ఫోకాల్ సంస్థ 2016లో తెచ్చిన యుటోపియా హెడ్‌ఫోన్‌లో, కదిలి ధ్వని పుట్టించే డ్రైవర్ పొరను బెరీలియంతో చేశారు. ఆ లోహం బరువు అల్యూమినియం బరువులో మూడింట రెండు వంతులే, బిగువు మాత్రం నాలుగు రెట్లు. కాబట్టి పొర మధ్యలో వంగకుండా మొత్తం ఒక్కటిగా కదులుతుంది. అక్కడ డబ్బు ధ్వని కోసం ఖర్చయింది. కప్పులను పట్టుకునే కమానుకు కార్బన్ ఫైబర్ వాడినా మొత్తం 490 గ్రాములు తూగుతుంది. అంత బరువును మెడ గంటసేపు ఎలా మోస్తుందన్నదే నా సందేహం. రుమేనియాలోని బాయా మారేలో ఉన్న మెజె సంస్థ చేసే 99 క్లాసిక్స్ హెడ్‌ఫోన్ వెనకున్న ఆలోచన నాకు మరీ నచ్చుతుంది: స్ప్రింగు ఉక్కు కమానులు రెండు, వాటి కింద తల సైజుకు తగ్గట్టు తనంతట తానే సర్దుకునే పట్టీ, అక్రోటు చెక్క కప్పులు. పైకీ కిందికీ జరిపే మీట లేదు, మడత కీలు లేదు. లేని భాగం విరగదు కదా. పైగా జిగురు వాడకుండా, మొత్తం విప్పి బాగుచేసుకునేలా కూర్చారు.

చెక్క అనగానే మన బొబ్బిలి వీణ గుర్తొస్తుంది గానీ, రెండింటి పనీ ఒకటి కాదు. వీణలో పనసకర్ర తీగతో కలిసి మోగాలి. హెడ్‌ఫోన్ కప్పు తన సొంత మోతను కలపకుండా మౌనంగా ఉండాలి. ఈ రోజు రెండింటినీ చెవికి పెట్టుకుని కప్పుల మీద గోటితో తట్టి చూశాను. ఖరీదైనదాని లోహపు మూత చిన్న గిన్నెలా ఖణేల్‌మంది. పాతదాని జాలీ టక్కుమని అక్కడే ఆగిపోయింది.

మధ్యాహ్నం అమ్మ కొత్త ప్యాడ్లను చెంపకు ఆనించుకుని, "ఇది మెత్తగా ఉందిరా, పట్టుబట్టలా" అంది. సాయంత్రం ఖరీదైనదాని ప్యాడ్ వలయాన్ని స్కేలుతో కొలిచి, కాగితం మీద గీసుకున్నాను, ఆ కొలతకు సరిపడే వెలోర్ ప్యాడ్లు దొరికితే తెప్పించాలని. ఆ తర్వాత, పగులు ముందుకు పాకుతోందో లేదో తెలియడానికి ఆఫీసులో గోడలకు చేసినట్టే, కీలు మీది పగులు చివర తెల్ల ఇంకుతో సన్నని గీత గీసి, పక్కన ఈ రోజు తేదీ వేశాను.