పొపాయ్ పుట్టిన ఊరు

సెయింట్ లూయిస్ నుంచి నిన్న చెస్టర్ వెళ్లొచ్చాం. ఇల్లినాయ్‌లో మిసిసిపీ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. పాలకూర తిని కండలు పెంచే కార్టూన్ నావికుడు పొపాయ్‌ని సృష్టించిన ఎల్జీ సీగర్ 1894లో ఇక్కడే పుట్టాడు. వంతెన పక్క పార్కులో 1977లో పెట్టిన పొపాయ్ కంచు విగ్రహం ఉంది. అతని కథల్లోని వింపీ, ఆలివ్, బ్లూటో విగ్రహాలు కూడా ఊళ్లో తలోచోట కనిపిస్తాయి. మనల్ని నవ్వించిన బొమ్మలకి ఒక ఊరు ఇంత మర్యాద చేస్తుంటే నాకు కడుపు నిండిపోయింది.

1929 జనవరిలో సీగర్ గీస్తున్న కామిక్‌లోకి పొపాయ్ వచ్చింది ఓడ నడపడానికి మాత్రమే. ఆ ప్రయాణం అయ్యాక సీగర్ అతన్ని పక్కన పెడితే పాఠకులు ఊరుకోలేదు! అప్పటికే పదేళ్లుగా ఉన్న ఆలివ్ కథ కూడా అతని చుట్టూ తిరగడం మొదలైంది.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకోటుంది. వీడియో గేమ్ కంపెనీ నింటెండో పొపాయ్‌తో గేమ్ చేద్దామనుకుంటే హక్కులు దొరకలేదు. దాంతో గొరిల్లా, వడ్రంగి పాత్రలతో 1981లో డాంకీ కాంగ్ తెచ్చారు. ఆ వడ్రంగే మన మారియో.

సీగర్ 43 ఏళ్లకే, 1938లో పోయాడు. పాలకూర పప్పు తిని కండ చూపించే మావాడికి ఆయన పేరు నిన్ననే చెప్పాను.

సెప్టెంబరులో చెస్టర్‌లో పొపాయ్ పిక్నిక్ జరుగుతుంది. దగ్గర్లో ఉన్న తెలుగువాళ్లు పిల్లల్ని తీసుకెళ్లండి.