మా అమ్మాయి అవతార్, ఈజిప్టు హారం, పూలజడ

మా అమ్మాయి ఆడే గేమ్‌లో బొమ్మకి బట్టలు కొనుక్కోవచ్చు, లేదంటే మనమే గీసి ఎక్కించుకోవచ్చు. గేమ్ పేరు అనవసరం, ఆరో క్లాసు పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఆ గోల ఉండే ఉంటుంది. ఆ మధ్య సరదాగా ‘ఇండియన్ ప్రిన్సెస్’ అని వెతికింది. ఎవరెవరో గీసి అమ్మకానికి పెట్టినవి బోలెడు వచ్చాయి. పొట్ట కనిపించే జాకెట్టు, ఉబ్బిన పైజామా, నెత్తిన నెమలీక, ముక్కు నుంచి చెవి దాకా గొలుసు, వీటన్నిటి పైన ఓ ఎర్రబొట్టు. దానికి ఒళ్ళు మండింది. “ఇలా ఎవరుంటారమ్మా?” అని నా మీద అరిచింది, అవన్నీ నేనే కుట్టి పంపినట్టు.

నాకు మాత్రం లోలోపల సంతోషమేసింది. పండక్కి పట్టులంగా వేసుకోమంటే దురద అంటుంది. బొట్టు పెడితే కారు ఎక్కగానే తుడిచేసుకుంటుంది. అలాంటి పిల్లకి ఎక్కడో కాస్త పట్టింపు ఉందన్నమాట.

స్కూల్లో ప్రాచీన నాగరికతల పాఠాలు మొదలయ్యాక అవతార్‌కి, అంటే గేమ్‌లోని తన బొమ్మకి, ఈజిప్టు డ్రెస్ కావాలంది. రెడీమేడ్‌గా దొరికేవన్నీ ఒకే మూస: బంగారు రంగు గౌను, నీలం, బంగారు చారల తలగుడ్డ, నుదుటి మీద పడగెత్తిన పాము. ఆ చారల తలగుడ్డని నెమెస్ అంటారు, అది రాజు పెట్టుకునేది. 1922లో హోవార్డ్ కార్టర్ టుటన్‌ఖామున్ అనే రాజు సమాధి కనుక్కున్న దగ్గర్నుంచీ, అందులో దొరికిన బంగారు ముసుగు ఫొటో ప్రపంచమంతా తిరిగి, ఈజిప్టు అంటే అదే అయిపోయింది. పాఠంలో ఆ సంగతి చదివి వచ్చిన మా అమ్మాయి, “ఇది కూడా ఆ ఇండియన్ ప్రిన్సెస్ లాంటిదే” అని కొట్టిపారేసి, తనే గీస్తానని కూర్చుంది.

నాకు తెలిసిన ఈజిప్టు ఎంతా అంటే, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఉన్న మమ్మీ. స్కూలు వాళ్ళు తీసుకెళ్తే లైన్లో నిలబడి చూశాం, భయపడ్డాం, బయటికొచ్చి ఐస్‌ఫ్రూట్ తిన్నాం. కాబట్టి నా వల్ల దానికి సాయమేమీ లేదు. మేముండేది జెర్సీ సిటీలో. రైలెక్కి నది దాటితే న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం చేరడం పెద్ద పనేం కాదు గనక అక్కడికి తీసుకెళ్ళాను.

అందరూ ఈజిప్టు నుంచి తెచ్చి అక్కడ నిలబెట్టిన డెండూర్ గుడి ముందు ఫొటోలు దిగుతుంటే ఇది ఒక చెక్క బొమ్మ దగ్గర పాతుకుపోయింది. మెకెత్రే అనే అధికారి సమాధిలో 1920లో దొరికిన బొమ్మ అది, దాదాపు 4000 ఏళ్ళ నాటిది. నెత్తి మీద మాంసం ముక్కల బుట్ట పెట్టుకుని, కుడిచేత్తో బతికున్న బాతుని రెక్కలు పట్టుకుని, ఎడమకాలు ముందుకేసి నడిచొస్తున్న మనిషి. ఒంటికి అతుక్కుపోయినట్టున్న గౌను నిండా ఈకల డిజైను. రంగులు ఇంకా చెక్కుచెదరలేదు. “ఇంత టైట్‌గా ఉంటే ఎలా నడుస్తుంది?” అని దీని ప్రశ్న. పిల్ల అడిగింది సరైన ప్రశ్నే. బొమ్మల్లో, గోడల మీది చిత్రాల్లో ఆ గౌన్లు అలా బిగుతుగా ఉండటం అక్కడి చిత్రకారుల పద్ధతి. తవ్వకాల్లో దొరికిన అసలు బట్టలు వదులుగానే ఉన్నాయి.

లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో టార్కాన్ డ్రెస్ అని ఒకటుంది. 1913లో తవ్వి తీసిన పాతగుడ్డల మూటలో ఉండిపోయి, 1977లో శుభ్రం చేస్తుంటే బయటపడింది. కార్బన్ డేటింగ్‌లో క్రీ.పూ. 3482–3102 మధ్యదని తేలింది. నార బట్ట, వి ఆకారపు మెడ, చేతులకీ భుజాలకీ సన్నటి కుచ్చిళ్ళు. మోచేతుల దగ్గర, చంకల దగ్గర ముడతలు కూడా ఉన్నాయి, అంటే ఎవరో నిజంగా వేసుకుని తిరిగిన డ్రెస్సు. దాని ఫొటో చూశాక మా అమ్మాయి బంగారు రంగు జోలికి మళ్ళీ వెళ్ళలేదు. నారకి రంగు అంత తేలిగ్గా పట్టదు, అందుకే వాళ్ళవి ఎక్కువగా తెల్లబట్టలే. రంగులన్నీ మెడలోని పూసల్లో ఉంటాయి. పలుగురాతి పొడితో చేసి, రాగితో నీలిరంగు తెప్పించిన పూసలవి.

ఇక్కడ మా ఆయన అన్న మాట ఒకటి చెప్పాలి. “మన చరిత్ర మీద ఈ శ్రద్ధలో పావలా వంతు పెట్టినా బాగుండు” అన్నాడు. మొదట నాకూ అలాగే అనిపించింది. కానీ మన సంగతులు మనం దానికి ఎలా ఇస్తున్నాం? శనివారం కూచిపూడి, ఆదివారం తెలుగు క్లాసు, ఉగాదికి స్టేజి ఎక్కి పద్యం. తప్పు పాడితే అసోసియేషన్ అంతటి ముందు మా పరువు పోతుందని నాకు టెన్షన్, ఆ టెన్షన్ చూసి దానికి చిరాకు. ఈజిప్టు విషయంలో దాన్ని ఎవరూ నిలబెట్టి అప్పజెప్పమనరు. అరవై ఏళ్ళ అత్తయ్యలెవరూ ‘మా రోజుల్లో’ అనరు. దానికి నచ్చింది, అది నేర్చుకుంటోంది. ఇందులో అసూయపడాల్సింది ఏమైనా ఉంటే అది ఈజిప్టు మీద కాదు.

బట్టలు గీసే పద్ధతి కూడా చూడముచ్చటగా ఉంటుంది. చొక్కాని విప్పి పరిచినట్టు ఒక కాగితం ఇస్తారు. ముందు భాగం, వీపు, పక్కలు, చేతులు అన్నీ విడివిడి గళ్ళు. తెల్లటి మీద లేత బూడిదరంగు గీతలతో కుచ్చిళ్ళు గీసింది. మెడ చుట్టూ అర్ధచంద్రాకారంలో వెడల్పాటి హారం, వరసకో రంగు, పూసకో చుక్క. నా కళ్ళు లాగాయి గానీ దానికి ఓపిక పోలేదు.

వీడియో కాల్‌లో మా అమ్మకి చూపించింది. అమ్మ కాసేపు చూసి, “ముందంతా బానే ఉందే. వెనకేంటే అంత బోడిగా?” అంది.

మా అమ్మ ఎవరి పెళ్ళికెళ్ళినా పెళ్ళికూతురి మొహం తర్వాత చూస్తుంది, ముందు పూలజడ చూస్తుంది. జడకుచ్చులు లేకుండా నాకు ఒక్క ఫంక్షన్‌ ఫొటో కూడా లేదు. అయితే ఈసారి ఆవిడ పట్టింపులో గొప్ప పాయింటు ఉంది. ఆ గేమ్‌లో కెమెరా ఎప్పుడూ బొమ్మ వెనకే ఉంటుంది. ఆడుతున్నంతసేపూ ఆడేవాళ్ళకి కనిపించేది వీపే. పిల్ల మళ్ళీ వెతుకులాట మొదలుపెట్టింది. తీరా చూస్తే, అంత బరువైన హారం ముందుకి వాలిపోకుండా ఈజిప్టువాళ్ళు వీపు మీదకి ఒక పూసల తూకం వేలాడదీసేవాళ్ళట. “అమ్మమ్మ కరెక్ట్!” అని గంతులు. కుచ్చులా వీపు మధ్యలో అది గీసేసరికి అవతార్‌కి ప్రాణం వచ్చింది. అమ్మ ఫోన్లో చూసి, “ఇప్పుడు పిల్లలా ఉంది” అంది.

ఒంటి రంగు దగ్గర ఇంకో చర్చ. ఇప్పటిదాకా దాని అవతార్లన్నీ పాలరంగులో ఉండేవి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు, అదీ చెప్పలేదు. సమాధుల గోడల మీద మగవాళ్ళకి ఇటుక రంగు, ఆడవాళ్ళకి లేత పసుపు రంగు వేయడం ఈజిప్టు చిత్రకారుల ఆనవాయితీ. అది చదివి, “అక్కడ కూడానా?” అని నా వంక చూసింది. సెలవులకి హైదరాబాద్ వెళ్ళినప్పుడల్లా ‘ఏంటి ఇంత నల్లబడింది’ అన్న ప్రతి పిన్నీ ఆ చూపులో ఉంది. చివరికి తన చెయ్యి స్క్రీన్ పక్కన పెట్టుకుని, ఆ రంగు కలిపే దాకా వదల్లేదు.

అయితే అసలు పరీక్ష దీని ఫ్రెండ్ దగ్గర. ఆ పిల్లది ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ కుటుంబం, అంటే అక్కడి క్రైస్తవులు. జెర్సీ సిటీలో వాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళమ్మా నేనూ పార్కులో కలుస్తుంటాం. ప్రతి హాలోవీన్‌కీ ‘మీ అమ్మాయి క్లియోపాత్రా వేస్తుందా’ అని అడుగుతారని ఆవిడ నవ్వుతుంది. క్లియోపాత్రా వంశం గ్రీకులది, వీళ్ళదేమో కైరోలో అపార్ట్‌మెంట్. వాళ్ళ చర్చిలో చదివే కాప్టిక్ భాష ఫారోల కాలం నాటి భాషకి చివరి రూపం. ఆ పిల్లని ఆదివారం చర్చి క్లాసుకి లాక్కెళ్ళడం, మా పిల్లని తెలుగు క్లాసుకి లాక్కెళ్ళడం ఇంచుమించు ఒకే టైముకి జరుగుతాయి, ఒకే రకం ఏడుపులతో.

అవతార్ కళ్ళకి దిద్దిన నల్లరేఖ చూసి ఆవిడ మురిసిపోయింది. మాటల్లో తేలిందేమిటంటే, పిల్లలు చంటివాళ్ళుగా ఉన్నప్పుడు మా ఇద్దర్నీ డాక్టర్లు ఒకే ప్రశ్న అడిగారు: కంటికి కాటుక లాంటివేమైనా పెడతారా అని. సీసం ఉంటుందని ఇక్కడివాళ్ళ భయం, భయంలో అర్థమూ ఉంది. పాత ఈజిప్టు కాటుక గలీనా అనే సీసపు ఖనిజంతో చేసిందే. మా అమ్మ ఆముదం దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి పట్టిన కాటుక డబ్బా సూట్‌కేసులోనే ఉండిపోయింది.

ఆ పిల్లకి డ్రెస్సు నచ్చింది. కాకపోతే ఒక షరతు పెట్టింది: నువ్వు మాది గీశావు కాబట్టి నేను మీది గీస్తాను. లంగా ఓణీ కావాలంది. ఓణీ చివర ఎక్కడ దోపుతారు, వెనక నుంచి చూస్తే ఎలా ఉంటుంది, కుచ్చిళ్ళు ఎటు తిరిగి ఉంటాయి అని ప్రశ్నల మీద ప్రశ్నలు. మా అమ్మాయి దగ్గర జవాబుల్లేవు. ఫంక్షన్లకి నేను చుట్టబెట్టి పిన్నులు గుచ్చి వదిలేస్తాను, అది విప్పి పారేస్తుంది, అంతే దానికి తెలిసింది. దురద లంగాని తనంతట తనే అల్మరాలోంచి తీసి, కట్టుకుని, రెండు అద్దాల మధ్య నిలబడి వీపు చూసుకుంది. నేను గది గుమ్మం దగ్గరే ఉన్నా సాయం అడగలేదు.

లంగా ఓణీ అవతార్ తయారైంది. మా అమ్మ చూడగానే, “గుజరాతీ వాళ్ళలా ఓణీ కుడి భుజం మీద వేసిందేంటే ఆ పిల్ల?” అంది. తప్పు ఆ పిల్లది కాదు. ఆ కాగితంలో బొమ్మ కుడిచెయ్యి మనకి ఎడమవైపు ఉంటుంది, అక్కడ తడబడింది. ఇప్పుడు తిప్పి గీసి మళ్ళీ ఎక్కించాలి. ఎక్కించిన ప్రతిసారీ గేమ్ కాయిన్లు కట్టాలి. ఆ కాయిన్లు ఎవరి ఖాతాలోంచి అన్నదాని మీద ఇద్దరికీ మాటల్లేవు. నేనూ వాళ్ళమ్మా చెరి సగం వేసుకుందామంటే, ఆవిడ మొత్తం తనే ఇస్తానని పట్టుబడుతోంది.