ధూళి మచ్చ, పుట్టుమచ్చ

ఈరోజు మూడో పీరియడ్ సంగతి రాసుకోకుండా నిద్రపట్టేలా లేదు.

కంప్యూటర్‌లో పాత ఫోటోలు బాగుచేయడం నేర్పుతున్న వారం ఇది. ఇంట్లో ఉన్న పాత ఫోటో ఒకటి తెచ్చుకోమని పిల్లలకు ముందే చెప్పాను. హోంవర్క్ అంటే ఎప్పుడూ మర్చిపోయే వాళ్లు కూడా ఈసారి తెచ్చారు. నోటుపుస్తకం మధ్యలో పెట్టుకుని ఒకరు, కవర్లో చుట్టుకుని ఒకరు. "ఇది మీ నాన్నా? జుట్టు ఎంతుందో చూడు!" అంటూ పది నిమిషాలు ల్యాబంతా ఒకటే సందడి. ఆపబుద్ధి కాలేదు. ఫోటో ముట్టుకునే ముందు దాన్ని అలా ఇష్టంగా చూడటం కూడా పాఠంలో భాగమే అనిపించింది.

సందడి తగ్గాక రస్సెల్ కిర్ష్ కథ చెప్పాను. 1957లో అమెరికాలో ఆయన, ఆయన సహచరులు కలిసి ఫోటోను కంప్యూటర్‌లోకి ఎక్కించే స్కానర్ తయారుచేశారు. అందులో పెట్టిన మొదటి ఫోటో ఆయన పసిబిడ్డదే, మూడు నెలల వాడు. అడ్డం 176, నిలువు 176 పిక్సెళ్లు, అంటే బొమ్మను కూర్చే చిన్న చిన్న చుక్కలు. మొత్తం ఎన్నో లెక్క కట్టమంటే, 30,976 అని ముందు బెంచీ నుంచి వెంటనే వచ్చింది. మరి మన 4 అంగుళాలు, 6 అంగుళాల ఫోటోను 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 పిక్సెళ్ల చొప్పున, స్కాన్ చేస్తే? ఈసారి కాస్త టైమ్ పట్టింది. 86 లక్షల 40 వేలు. "అమ్మో!" అన్నారు. మొదటి ఫోటో ఒక తండ్రి తన బిడ్డది పెట్టుకున్నాడన్న మాట మాత్రం ఆ లెక్క కంటే వాళ్లకు ఎక్కువ నచ్చింది.

తర్వాత వాళ్ల ఫోటోలు స్కాన్ చేసి, ఫోటోలు దిద్దే గింప్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి క్లోన్ టూల్, హీల్ టూల్ చూపించాను. క్లోన్ ఒక చోటున్న పిక్సెళ్లను ఉన్నవున్నట్టు ఇంకో చోట అతికిస్తుంది. హీల్ కూడా అతికిస్తుంది గానీ, చుట్టుపక్కల ఉన్న వెలుగుకు, రంగుకు తగ్గట్టు కలిపేస్తుంది. అందుకే ముఖం మీద హీల్, గోడ అంచులాంటి స్పష్టమైన గీత దగ్గర క్లోన్. అంచు దగ్గర హీల్ వాడితే రెండు రంగులూ కలిసి మరక పడుతుంది. ఇది చెబితే తలలూపుతారు, చేత్తో ఒకసారి పాడుచేసుకున్నాకే అర్థమవుతుంది. అందరూ చేసే ఇంకో తప్పు, ఒకే చోటు నుంచి పదేపదే తీసుకోవడం. ఆకాశంలో ఒకే మబ్బు మూడు చోట్ల కనిపిస్తుంది. కంట్రోల్ నొక్కి కొత్త చోటు ఎంచుకోవడం ఎన్నిసార్లు గుర్తుచేశానో!

వెనక వరసలో కూర్చునే అమ్మాయి వాళ్ల అమ్మమ్మ ఫోటో తెచ్చింది. నలుపు తెలుపు ఫోటో, నిండా చుక్కలు. పీరియడ్ అంతా తల ఎత్తకుండా ఒక్కొక్క చుక్కా తుడుచుకుంటూ వచ్చింది. క్లాసులో పెద్దగా మాట్లాడని పిల్ల, అంత ఏకాగ్రతగా పనిచేస్తుంటే నాకు ముచ్చటేసింది. దగ్గరికెళ్లి చూసి, "చాలా శుభ్రంగా వచ్చిందమ్మా" అన్నాను. బెల్ కొట్టే టైమ్ అవుతోంది, అందరూ సేవ్ చేసుకోండి అని కూడా నేనే తొందరపెట్టాను. స్కాన్ చేసిన పాత ఫైలు మీదే ఓవర్‌రైట్ చేసి మూసేసింది.

అప్పుడు చేతిలో ఉన్న కాగితం ఫోటో వైపు చూసింది. మళ్లీ ఫైలు తెరిచింది. "మేడమ్, మా అమ్మమ్మ పుట్టుమచ్చ పోయింది."

ఎడమ బుగ్గ మీద, పెదవికి కొంచెం పైన. ఫోటోలో అర మిల్లీమీటరు ఉంటుందేమో. అంటే తెర మీద అడ్డంగా 12 పిక్సెళ్లు. 86 లక్షల్లో ఆ కాసిన్ని పిక్సెళ్లు పోయేసరికి, ఆ పిల్ల కళ్లకు ముఖమే మారిపోయింది. "అమ్మమ్మలా లేదు మేడమ్" అంది మెల్లగా. ఫైలు మూసేశాక అన్‌డూ కూడా పనిచేయదు. కాగితం ఫోటో ఉంది కాబట్టి సరిపోయింది. అది కూడా లేని వాళ్ల సంగతి తలుచుకుంటే ఒళ్లు జలదరించింది.

నా తప్పే ఇది. స్కాన్ చేసిన లేయర్‌ను (పొరను) ముట్టుకోకండి, దాని మీద ఖాళీ లేయర్ వేసి అందులో పనిచేయండి అని నేను ముందు చెప్పాలి. గింప్ కొత్త వెర్షన్‌లో అయితే, హీల్ టూల్‌లో శాంపిల్ మెర్జ్‌డ్ అనేది ఆన్ చేస్తే, కింద ఉన్న ఫోటో నుంచి తీసుకుని పై లేయర్‌లో వేస్తుంది. ఎక్కడైనా పొరపాటు జరిగితే ఆ చోట రబ్బరుతో తుడిస్తే చాలు, అసలు బొమ్మ కిందే ఉంటుంది. లేయర్ల పాఠం వచ్చే వారానికి పెట్టుకున్నాను. ఆ వరస మార్చేయాలి. టూల్స్ కంటే ముందు లేయర్లు, ఇక మీదట ఏ బ్యాచ్‌కైనా అంతే.

సాయంత్రం పిల్లలు వెళ్లాక ఆ ఫైలు, ఇంకో ఇద్దరి ఫైళ్లు ఒకదాని మీద ఒకటి లేయర్లుగా పెట్టి, కిందవి కూడా కనిపించేలా ఒపాసిటీ తగ్గించి చూశాను. మూడు వేరు వేరు ఫోటోల్లో నాలుగు చుక్కలు సరిగ్గా ఒకే చోట ఉన్నాయి! ఫోటోలన్నీ అద్దం మూలకు ఆనించే పెట్టాం కదా, అవి ఫోటోల మీదవి కావు, స్కానర్ అద్దం మీద ధూళి. పిల్లలు పీరియడంతా కూర్చుని తుడిచిన వాటిలో కొన్ని మెత్తటి గుడ్డతో ఒక్కసారి తుడిస్తే పోయేవే. తుడిచేశాను.

రేపు ఆ అమ్మమ్మ ఫోటో మళ్లీ స్కాన్ చేస్తాం. ఒకసారి మామూలుగా, ఇంకోసారి తలకిందులుగా తిప్పి. ఫోటోతో పాటు తిరిగే చుక్క ఫోటోది, తిరగకుండా ఉన్న చోటే ఉండేది అద్దానిది. ఫోటోదే అయినా, అది కాగితం మీద పడిన మరకో, మనిషి ముఖం మీదదో ఏ టూలూ చెప్పదు. అందుకే వెళ్లేటప్పుడు ఆ పిల్లతో, "ఇంటికెళ్లి అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, అమ్మమ్మ ముఖం మీద ఏమేం ఉండేవో అడిగి రాసుకుని రా" అన్నాను. సరేనంది. ఫోటోను నోటుపుస్తకంలో కాకుండా, ఈసారి జామెట్రీ బాక్సులో పెట్టుకుని వెళ్లింది.