రెండు భాషల్లో "అయిపోయింది"

మా నాన్నకి పర్లాకిమిడిలో టెంట్ హౌస్ ఉండేది. ఇరుకు వీధుల్లో మూడిళ్ళ శుభకార్యాలకి కలిపి ఒకే షామియానా వేసేవారు. ఏ ఇంటి వాళ్ళ పని అయిపోతే వాళ్ళొచ్చి చెప్పాలి. మూడో మాట వినపడ్డాకే తాళ్ళు విప్పాలి.

ఒక రాత్రి మొదటి ఇంటి భోజనాలు పూర్తయ్యాయి, చెప్పారు. తర్వాత రెండో ఇంటి పెద్దాయన మా కుర్రాడితో ఒడియాలో "సరిగలా" అన్నాడు, అంటే అయిపోయిందని. కాసేపటికి అదే ఇంటి అల్లుడు, పాతపట్నం నుంచి వచ్చినతను, "మాది అయిపోయింది బాబూ" అని చెప్పి వెళ్ళాడు. కుర్రాడి లెక్కలో మూడయ్యాయి. తాళ్ళు విప్పేశాడు. మూడో ఇంటి బంతిలో అప్పుడే పప్పు వడ్డిస్తున్నారు. గుంజ వాలి ఒక ముసలమ్మ భుజానికి తగిలింది.

పోయిన నెల నేను రాసిన లినక్స్ డ్రైవర్లో (ఒక డివైస్‌ని నడిపే కోడ్) సరిగ్గా ఇదే జరిగింది. లినక్స్‌కి గుండెలాంటి కెర్నెల్లో, ఒక వస్తువుని ఎంతమంది వాడుతున్నారో ఒక అంకె చెబుతుంది. ఒకరు పట్టుకుంటే ఒకటి పెరుగుతుంది, వదిలితే ఒకటి తగ్గుతుంది. అది సున్నా అయితే ఆ మెమరీ ఇంకొకరికి పోతుంది. నా కోడ్‌లో డివైస్ తెరుచుకోనప్పుడు నడిచే దారిలో, ఒకే పట్టుని రెండుసార్లు వదిలేశాను. వాడుతున్నవాడు ఇంకా ఉండగానే మెమరీ వెళ్ళిపోయింది. చివరికి అతను కూడా వదిలినప్పుడు లాగ్‌లో "రిఫ్‌కౌంట్_టి: అండర్‌ఫ్లో, యూజ్-ఆఫ్టర్-ఫ్రీ" అని పడింది, అంటే లెక్క సున్నా కిందకి పోయింది, ఇచ్చేసిన మెమరీని ఇంకా వాడుతున్నారు అని. అప్పటికే గుంజ వాలిపోయింది.

ఈ అంకెని జాగ్రత్తగా చూసుకునే రిఫ్‌కౌంట్_టి మీద నాకు చాలా గౌరవం. 2016 జనవరిలో కీరింగ్‌లో, అంటే కెర్నెల్ రహస్య కీలు దాచే చోట, ఒక లోపం బయటపడింది. కెర్నెల్ 3.8 వెర్షన్ నుంచీ ఉంది. సెషన్ కీరింగ్‌లో ఒకే పేరుతో మళ్ళీ మళ్ళీ చేరితే, ప్రతిసారీ లెక్క ఒకటి పెరిగి మళ్ళీ తగ్గేది కాదు. 32 బిట్ల అంకె కదా, 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 సార్లకి తిరిగి సున్నాకి వస్తుంది. మామూలు యూజర్ ఆ దారిన రూట్, అంటే అన్ని అధికారాలున్న యూజర్, అయిపోవచ్చు. 2017లో 4.11తో వచ్చిన రిఫ్‌కౌంట్_టి ఆ చుట్టు తిరగడాన్ని ఆపింది. లెక్క హద్దు దాటితే ఒకచోట బిగుసుకుపోతుంది, ఆ మెమరీ ఇక ఎవరికీ ఇవ్వదు. కొంత మెమరీ వృథా అవుతుంది, అంతే. నాన్న కూడా లెక్క తేడాగా అనిపిస్తే అద్దె పోయినా సరే తెల్లారేదాకా టెంటు ఉంచేయమనేవారు.

కానీ రెండుసార్లు చెప్పిన ఇల్లేదో అంకెకి తెలియదు. ఆ రాత్రి తర్వాత నాన్న ఇంటికో చీటీ ఇవ్వడం మొదలుపెట్టారు. అదే చీటీ రెండోసారి రావడానికి వీల్లేదు కదా. కెర్నెల్లో ఆ పని రెఫ్ ట్రాకర్ చేస్తుంది. 5.17లో నెట్‌వర్క్ డివైస్‌ల కోసం వచ్చింది. ప్రతి పట్టుకీ విడిగా ఒక గుర్తు, ఎక్కడ తీసుకున్నారో ఎక్కడ వదిలారో దారి మొత్తం రాసిపెడుతుంది. మెమరీ, సమయం తింటుంది కాబట్టి తప్పులు వెతికేటప్పుడే ఆన్ చేస్తారు.

దాన్ని నా డ్రైవర్‌కి తగిలించాక మొదటి పరుగులోనే "రిఫరెన్స్ ఆల్రెడీ రిలీజ్డ్" (ఈ పట్టు ముందే వదిలేశారు) అని వచ్చింది, కింద నేను రాసిన ఫంక్షన్ పేరుతో సహా. నాన్నకి చూపించి ఏమైందో చెప్పాను. కళ్ళజోడు పెట్టుకుని తెర మీదకి వంగి, "ఇందులో ఏ ఇంటి వాళ్ళు రెండుసార్లు చెప్పారురా?" అని అడిగారు. ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను.