సైకిల్ లాగ్: మా వీధిలో కుడి యూ-టర్న్ ఇంకా లొంగలేదు

బుధవారం

ఈరోజు కూడా కాలేదు. ఎదురింటి గేటు దాకా వెళ్లాను, కాలు కింద పెట్టాను, ముందు చక్రం ఎత్తి సైకిల్‌ని తిప్పుకుని వచ్చాను. పదిహేడేళ్ల అమ్మాయి సైకిల్ తొక్కుతుంటే ఎవరికీ పట్టదు. దిగి సైకిల్‌ని చేత్తో తిప్పుతుంటే మాత్రం బాల్కనీలన్నీ నిండిపోతాయి. అసలు పరువంతా పోతున్నది ఆ ఐదు సెకన్లలోనే.

మిగతావన్నీ వచ్చేశాయి. బ్యాలెన్స్ కోసం పెడల్స్ విప్పించి, సీటు దించి, కాళ్లతో నేలని తన్నుకుంటూ నేర్చుకున్నాను. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ చేసిన, సైకిల్‌కి మూలమైన రెండు చక్రాల బండికీ పెడల్స్ లేవు కాబట్టి ఇందులో నామోషీ ఏమీ లేదు. విప్పేవాళ్లకి ఒక్క మాట: ఎడమ పెడల్ మర రివర్స్, మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది. పక్క చక్రాల సలహా ఇచ్చేవాళ్లకి దండం. అవి ఉంటే సైకిల్ వాలదు, వాలడం అలవాటు కాకపోతే మలుపు రాదు. నేరుగా వెళ్లడం, ఆగడం, ఎడమ మలుపు, స్పీడు బ్రేకర్ అన్నీ ఓకే.

సైకిల్ గురించి అడిగిన వాళ్లకి: మా పెద్దమ్మ కూతురు, అక్కకి తొమ్మిదో తరగతిలో, ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్లిచ్చిన ‘బడికొస్తా’ పథకంలో వచ్చినదే. అక్క ఉద్యోగానికి వెళ్లాక పిఠాపురంలో వరండాలో పడుంది. టైర్లు, ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్పించి, ముందు బుట్ట పెట్టించాను. మధ్య కడ్డీ కిందకి వంగిన లేడీస్ ఫ్రేమ్ కాబట్టి కంగారులో దిగడం తేలిక. కాకినాడ బల్లపరుపు ఊరు, ఇక్కడ గేర్ల సైకిల్ ఎందుకో నాకు అర్థం కాదు. మా క్లాసులో ఒకడు ముందూ వెనకా స్ప్రింగులుండే డబుల్ సస్పెన్షన్ సైకిల్ కొన్నాడు. వాడు భానుగుడి జంక్షన్ దాటి వచ్చేసరికి ఆయాసంతో మాట్లాడలేడు. నేనైతే హీరోనో హెర్క్యులిసో, గేరు లేని మామూలుదే కొంటాను. డబ్బులుంటే లేడీబర్డ్.

గురువారం

కొలతలు తీశాను. మాది సిమెంటు రోడ్డు, అంచు నుంచి అంచుకి 16 అడుగులు. ఎడమ పక్క మూత లేని మురుగు కాలువ, అందుకని దానికి 2 అడుగుల దూరంలో మొదలుపెడతాను. కుడి పక్క ఎదురింటి వాళ్ల గేటు ర్యాంపు ఇంకో 2 అడుగులు రోడ్డు మీదకి వచ్చింది. అంటే నాకు మిగిలేది 12 అడుగులు. 12 అడుగుల వ్యాసంలో తిరిగితేనే దిగకుండా ఇంటికి రాగలను.

నేను ఎంతలో తిరుగుతున్నానో చూడ్డానికి రోడ్డు మీద బకెట్టు నీళ్లు పోసి, అందులోంచి పోనిచ్చాను. తడి టైర్ల గీత ఓ నిమిషం ఉంటుంది, ఈలోపు తమ్ముడు దాని మీద చాక్‌పీసుతో గీసేస్తాడు. ముందు చక్రం గీత, వెనక చక్రం గీత వేరువేరుగా పడతాయి. వెనకది ఎప్పుడూ లోపలి నుంచి వెళ్తుంది. కొలవాల్సింది ముందుదే. మలుపు పూర్తి కాకుండానే కాలు పెట్టేస్తున్నాను కాబట్టి పూర్తి వృత్తం దొరకదు. అందుకే జ్యా (వంపు రెండు చివర్లని కలిపే గీత), దాని మధ్య నుంచి వంపు దాకా ఉబ్బు కొలిచి లెక్క కట్టాను. 12 అడుగుల జ్యాకి ఉబ్బు 2 అడుగులు. వ్యాసార్ధం 10, వ్యాసం 20. కావాల్సింది 12, వస్తున్నది 20!

మొదటి అనుమానం హ్యాండిల్ మీద. సైకిల్‌ని పక్కకి వంచి ముందు చక్రం గాల్లోకి లేపితే హ్యాండిల్ దానంతట అదే ఆ పక్కకి పడిపోవాలి. ఎడమకి పడింది. కుడికి సగంలో ఆగింది. దొంగ దొరికాడనుకుని సాయంత్రం మెకానిక్ బాబాయ్ దగ్గరికి నడిపించుకుని వెళ్లాను. బుట్ట బిగించినప్పుడు ముందు బ్రేకు వైరుని బుట్ట చుట్టూ తిప్పారట, దాంతో వైరు చాలక కుడికి తిప్పితే లాగేస్తోంది. బాబాయ్ పొడుగు వైరూ, దాని మీద తొడుగూ (ఔటర్) వేసి, హ్యాండిల్ తిరిగే చోట ఫోర్కు కప్పుల్లో గ్రీజు పెట్టి, “ఇంక గిర్రున తిరుగుద్ది, ఫో” అన్నాడు. గిర్రున తిరిగింది హ్యాండిల్ మాత్రమే.

శుక్రవారం

వైరు మార్చాక అదే వీధిలో వ్యాసం 18. రెండడుగులే తగ్గింది. నిజంగా ఏడుపొచ్చింది.

రెండో అనుమానం సీటు. నేల నుంచి 30 అంగుళాల ఎత్తులో పెట్టుకున్నాను, రెండు పాదాలూ పూర్తిగా ఆనతాయి, ధైర్యంగా ఉంటుంది. కానీ హ్యాండిల్ బాగా తిప్పితే దాని చివర వచ్చి మోకాలికి తగులుతోంది. అంగుళంన్నర లేపితే మోకాలికి దారి దొరికింది, ఇప్పుడు కాలివేళ్లే ఆనుతున్నాయి. భయం పెరిగింది, వ్యాసం అంతే ఉంది. అయినా సీటు దించను.

మూడోది గాలి. మామూలు సైకిల్ వాల్వుకి నా దగ్గరున్న గేజ్ పట్టదు. బొటనవేలితో నొక్కి చూడ్డమే. గట్టిగానే ఉంది. గాలి కాదు.

శనివారం

పొద్దున్నే, జనం లేనప్పుడు, ఆనంద భారతి గ్రౌండ్‌కి వెళ్లాం. మట్టి నేల, టైరు గీత దానంతట అదే పడుతుంది, బకెట్టు పని లేదు. ఇక్కడ కుడికి పూర్తిగా తిరిగాను! వ్యాసం 15. అదే సైకిల్, అదే సీటు, అదే నేను. వీధిలో 18, ఇక్కడ 15. ఆ మూడడుగులు ఎక్కడికి పోతున్నాయి?

జవాబు మట్టి మీదే ఉంది. కుడి మలుపు మొదలయ్యే ముందు గీత కొంచెం ఎడమకి ఉబ్బి, తర్వాత కుడికి వెళ్లింది. ప్రతిసారీ అంతే. కుడికి తిరగాలంటే హ్యాండిల్ ముందు ఓ క్షణం ఎడమకి కదలాలి. చక్రాలు మన కింద నుంచి ఎడమకి జరిగితే మనం కుడికి వాలతాం, ఆ వాలులోనే మలుపు ఉంది. అందరూ తెలియకుండానే చేస్తారు. మా వీధిలో ఎడమ పక్కన కాలువ ఉంది. ఆ కాలువ వైపు చక్రం పోనివ్వడానికి నా చేతులు ఒప్పుకోవట్లేదు. ఎడమ ఉబ్బు లేదు కాబట్టి కుడి వాలు లేదు, వాలు లేదు కాబట్టి ఉత్త హ్యాండిల్‌తో తిప్పడానికి చూస్తున్నాను. గురువారం చాక్‌పీసు గీతల ఫొటోలు మళ్లీ చూశాను. నిజమే, వాటిలో మలుపు ముందు ఆ ఎడమ ఉబ్బు దాదాపు లేదు.

అక్కడ వాకింగ్ చేస్తున్న ఒకాయన ఆగి, “చక్రం తిరుగుతుంటే బొంగరంలా అదే నిలబెడుతుందమ్మా, నువ్వు స్పీడు పెంచు” అన్నారు. పూర్తిగా నిజం కాదు. 2011లో ‘సైన్స్’ అనే పత్రికలో ఒక ప్రయోగం వచ్చింది. చక్రాల బొంగరం గుణాన్ని ఎదురు తిరిగే చక్రాలతో రద్దు చేసిన సైకిల్ కూడా, మనిషి లేకుండా తోస్తే, పడకుండా వెళ్లింది. పడబోయే వైపుకి హ్యాండిల్ తిరగడమే కీలకం. ఆయనతో వాదించలేదు. స్పీడు మాత్రం పెంచలేదు.

ఇంకోటి తమ్ముడి వీడియోలో బయటపడింది. ఎడమ మలుపు వచ్చేసిందని బుధవారం రాశాను కదా, అందులో నా ఎడమ కాలు పెడల్ మీద లేదు, గాల్లో వేలాడుతోంది! ఎక్కడం, దిగడం, ఆగడం అన్నీ ఎడమ పక్కే అలవాటైంది. ఎడమకి పడబోతే కాలు రెడీగా ఉంటుంది. కుడికి పడబోతే ఏం చేయాలో కుడి కాలికి తెలియదు, పైగా అటువైపు చైను ఉంది. అందుకే మిగిలిన గంటంతా ఒకటే పని: కుడి కాలు కింద పెట్టి ఆగడం. మొదట్లో ఎడమ చేత్తో అన్నం తింటున్నట్టు ఉంది, చివర్లో పర్వాలేదు.

వెళ్లేముందు ఒక్కసారి, తొక్కుతూనే వెనక బ్రేకు, అంటే ఎడమ చేతిది, కొంచెం నొక్కి పట్టి తిరిగాను. 13 అడుగులు!! ముందు బ్రేకు ముట్టుకోకూడదు, తిరిగిన చక్రం టక్కున ఆగితే బుట్టతో సహా మనం కింద.

ఆదివారం

వీధిలో 14. రెండడుగులు ఎక్కువ, అంటే ర్యాంపు మీదకి ఎక్కేశాను. మళ్లీ దిగి తిప్పాను.

కానీ చూసేవాళ్లు తగ్గారు, దానికి వేరే కారణం. బుట్టలో పాల ప్యాకెట్ సంచి పెట్టుకున్నాను. పాలకి వెళ్లొస్తున్న మనిషిని ఎవరూ పరిశీలించరు, దిగి తిప్పినా ‘ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తోంది’ అనుకుంటారు. సంచి హ్యాండిల్‌కి మాత్రం తగిలించకండి, ఊగి ఊగి చక్రాన్ని లాగుతుంది. హెల్మెట్ కూడా సిగ్గుకి పనికొస్తుంది, సగం మొహం కనపడదు. చున్నీ వద్దు, ట్రాక్ ప్యాంటు కుడి కాలికి రబ్బరు బ్యాండు.

వచ్చే వారం గ్రౌండ్‌లో ముగ్గుతో 12 అడుగుల వెడల్పు దారి గీసి, ఎడమ పక్క ‘కాలువ’ కూడా గీస్తాను. పిండి కాలువలోకి చక్రం పోతే పోనీ. ఎడమ ఉబ్బుకి చేతులు అలవాటుపడ్డాక అసలు కాలువ దగ్గరికి వస్తాను. ర్యాంపు దగ్గర కాకుండా నాలుగిళ్ల అవతల, రెండు పక్కలా గేట్లు లేని చోట తిరగొచ్చని తమ్ముడి ఐడియా. ఐడియా బాగుంది, కానీ సరిగ్గా అక్కడి ఇంట్లోనే మా ఫిజిక్స్ లెక్చరర్ ఉంటారు.

యూ-టర్న్ అయ్యాక ఒక చెయ్యి వదిలి సిగ్నల్ ఇవ్వడం. తర్వాత ఉప్పాడ బీచ్ రోడ్డు, ఫ్రెండ్ వస్తానంది. అక్కడ సముద్రపు గాలి పక్కనుంచి కొడుతుంది, బుట్ట తీసేయాలేమో చూడాలి. తను గేర్ల సైకిల్ తెస్తుందట. ఎదురుగాలికి గేర్లు పనికొస్తాయని ఇప్పటి నుంచే వాదిస్తోంది, తిరిగొచ్చాక రాస్తాను. ముందు ముగ్గు పిండి కొనాలి. అమ్మ డబ్బా ముట్టుకుంటే ఊరుకోదు.